జేసీ రోడ్డులో టూ స్ట్రోక్ ఏటీవీకి సీడీఐ సెట్టు కొనబోతున్నవాళ్లు జాగ్రత్త

బెంగళూరులో పాత టూ స్ట్రోక్ ఏటీవీలు (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండ్లు) ఉంచుకున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. నిన్న జేసీ రోడ్డులోని ఒక స్పేర్ పార్టుల దుకాణంలో 8,500 రూపాయలు పోగొట్టుకోవడమే కాకుండా నలుగురి ముందూ మాట పడి వచ్చాను. దుకాణం పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాస్తాను.

బండి యమహా బ్లాస్టర్, 195 సీసీ, బ్యాటరీ లేని కిక్ స్టార్ట్ బండి. ఇంజను వేడెక్కగానే కరెంటు పోయి ఆగిపోయేది, చల్లారాక మళ్లీ స్టార్టయ్యేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే, ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే స్టేటర్‌లోని సోర్స్ కాయిల్ వేడి మీద తెగిపోతున్నట్టు తేలింది. ఆ కాయిల్ ఒక్కటి మళ్లీ చుట్టించుకుంటే సరిపోయేది. అన్నీ పాతబడ్డాయి కదా అని స్టేటర్, ప్లగ్గులో సమయానికి నిప్పురవ్వ తెప్పించే సీడీఐ పెట్టె, ఇగ్నిషన్ కాయిల్ మొత్తం సెట్టుగా మార్చాలనుకోవడం నా తప్పు.

కౌంటర్‌లో ఉన్న వ్యక్తి తెలుగులో పలకరించేసరికి నాకు సగం ధైర్యం వచ్చింది. అయినా ఇది ఏసీ సీడీఐయేనా అని రెండుసార్లు అడిగాను. ఎందుకంటే ఏసీ సీడీఐ స్టేటర్‌లోని సోర్స్ కాయిల్ నుంచి నేరుగా 100 వోల్టులు దాటిన కరెంటును తీసుకుంటుంది, డీసీ సీడీఐ బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల మీద పనిచేస్తుంది, ఒకదాని చోట మరొకటి పెడితే పనిచేయదు, ఏసీ చోట డీసీది పెడితే కాలిపోవచ్చు కూడా. "ఏసీదే అన్నా, టూ స్ట్రోకుకే వస్తుంది, కళ్లు మూసుకుని బిగించుకో" అన్నాడు. సాకెట్ కూడా పాతదానికి అచ్చంగా సరిపోయింది. సాకెట్ ఒకటే అయినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండవచ్చని తెలిసి కూడా నేను అక్కడ ఆగలేదు. బిల్లు అడిగితే కాగితం ముక్క మీద ఎంతయిందో మాత్రం రాసి ఇచ్చాడు.

పుల్లర్‌తో మాగ్నెట్ ఊడదీసి, పాత ప్లేటు ఉన్న గుర్తుకే కొత్త స్టేటర్ బిగించి, ప్లగ్గును హెడ్డుకు ఆనించి కిక్ కొట్టాను. నిప్పురవ్వ కూడా రాలేదు. పది పన్నెండు కిక్కుల తర్వాత కాలిన వాసన వచ్చింది. సీడీఐ తీసి చూస్తే వెనకవైపు పోసిన నల్లటి లక్క ఉబ్బి పగిలింది, ఆ వేడికి పక్కనున్న స్టిక్కర్ అంచు లేచింది. గోటితో లాగితే కింద ఇంకొక స్టిక్కర్ కనిపించింది. దాని మీద 12 వోల్టులు, డీసీ, 4 స్ట్రోక్ అని స్పష్టంగా ఉంది.

అది పట్టుకుని వెళ్తే అతను స్టిక్కర్ వైపు కూడా చూడలేదు. "బిగించడం రాక కాల్చుకొచ్చి నా మీద పడతావేంటి? ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదు" అని కస్టమర్లందరికీ వినిపించేలా గట్టిగా అన్నాడు. ఉదయం "అన్నా" అన్న నోటితోనే ఆ మాట అన్నాడు. అంతకంటే బాధ కలిగించింది తర్వాత జరిగిన విషయం. వంగి కింది అరలోంచి మరొక సీడీఐ తీసి, "మీ బండికి ఇది పడుతుంది, ఇంకో మూడు వేలు ఇవ్వు" అని కౌంటర్ మీద పెట్టాడు. నా బండికి ఏది సరిపోతుందో అతనికి మొదటి నుంచీ తెలుసని, తెలిసే స్టిక్కర్ మార్చిన సరుకును అంటగట్టాడని అప్పుడు అర్థమై, కోపంతో చేతులు వణుకుతుంటే డబ్బు ఇవ్వకుండా బయటికి వచ్చేశాను.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల లోపు వాపసు తీసుకోకపోవడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈ ఉదయమే ఫోన్ చేశాను. చెల్లింపు ఫోన్‌లోనే చేశాను కాబట్టి ఆ రుజువు ఉంది, రెండు స్టిక్కర్ల ఫోటోలూ ఉన్నాయి.

మీరు వెళ్తే పాత సీడీఐని చేత్తో పట్టుకెళ్లండి, స్టిక్కర్ల కింద ఏముందో కౌంటర్ దగ్గరే చూడండి, బిల్లు మీద ఏసీ సీడీఐ, టూ స్ట్రోక్, బండి పేరు రాయించుకోండి. రాయనంటే కొనవద్దు. నేను పాత స్టేటర్‌ను వైండింగ్‌కు ఇచ్చాను.