పబ్లిక్ స్కేట్ పార్క్ రివ్యూ: కాంక్రీట్ అదుర్స్, రూల్స్ బోర్డు మీద ముఖ్యమైన రూలే లేదు

ముందే చెప్పేస్తున్నా, 5కి 4 ఇస్తాను, అందులో ఎక్కువ భాగం కాంక్రీట్ పోసినవాళ్లదే. ఏ స్కేట్ పార్కుకి వెళ్లినా నేను మొదట చూసేది ర్యాంపుల ఎత్తు కాదు, నేల. ఇక్కడ ర్యాంపు వంపు నేలలో కలిసే చోట చక్రానికి తగిలే అంచే లేదు, జాయింట్లు కూడా సన్నగా ఉన్నాయి, 52 మిల్లీమీటర్ల గట్టి వీల్స్ వేసుకుని వెళ్లినా పళ్లు టకటకలాడవు. కోపింగ్, అదే ర్యాంపు పైఅంచున ఉండే ఇనప పైపు, కాంక్రీట్ కంటే కొంచెమే బయటికి ఉంది కాబట్టి గ్రైండ్ చేస్తే, అదే ఆ పైపు మీద రాసుకుంటూ జారితే, ట్రక్ (బోర్డు కింద చక్రాలు బిగించే లోహపు ఇరుసు) కుదురుగా కూర్చుంటుంది. చాలా చోట్ల పాడుచేసేది దీన్నే: లోపలికి ఎక్కువ పాతేస్తే గ్రైండ్ రాదు, మరీ బయటికి వదిలేస్తే దిగేటప్పుడు వెనక చక్రాలు తగులుకుని ముందుకి బోర్లా పడతాం.

స్ట్రీట్ వైపు, అంటే వీధిలో ఉండేలాంటి అడ్డంకులు కట్టిన వైపు, రెండు ఎత్తుల్లో లెడ్జ్‌లు (జారడానికి కట్టిన గట్లు), ఒక ఫ్లాట్ రైల్ (నేలకి సమాంతరంగా ఉండే ఇనప కడ్డీ), మాన్యువల్ ప్యాడ్ (రెండు చక్రాల మీదే బ్యాలెన్స్ చేసే తక్కువ ఎత్తు దిమ్మ), చిన్న మెట్లు, మధ్యలో పిరమిడ్ (అన్ని వైపులా వాలు ఉన్న దిబ్బ) ఉన్నాయి. లెడ్జ్‌ల మీద ఎవరో మైనం తెగ రుద్దేశారు, ముందు చేత్తో తడిమి చూసుకోండి, లేకపోతే అనుకున్నదానికంటే రెట్టింపు వేగంతో జారిపోతారు. బౌల్, అదే గిన్నెలా లోతుగా కట్టిన గుంట, బాగుంది కానీ కొత్తవాళ్లకి కాదు. తక్కువ లోతు వైపే ఉండండి, అవతలి వైపు గోడ పైభాగం నిట్టనిలువుగా ఉంది, అందులోకి దిగాక బయటికి ఎక్కడమే ఒక పని.

నాకు నచ్చనిది లేఅవుట్. పిరమిడ్ మీదికి వేగంగా వచ్చేవాళ్ల దారి, క్వార్టర్ పైప్ (వంపు తిరిగిన ర్యాంపు) నుంచి వెనక్కి వచ్చేవాళ్ల దారి ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తాయి, సరిగ్గా ఆ కూడలిలోనే కొత్తవాళ్లు బ్యాలెన్స్ నేర్చుకునే ఖాళీ నేల!

ఇక రూల్స్ బోర్డు. హెల్మెట్ తప్పనిసరి, గాజు సీసాలు వద్దు, సైకిళ్లకి ఇనప పెగ్స్ (చక్రాల ఇరుసుకి పక్కన బిగించే గొట్టాలు) వద్దు, తడిగా ఉంటే లోపలికి రావద్దు, దెబ్బ తగిలితే బాధ్యత మీదే. తడి రూల్ మీద చాలామంది విసుక్కుంటారు గానీ అది కరెక్టే, నున్నటి కాంక్రీట్ మీద తడి ఉంటే యూరిథేన్ చక్రానికి పట్టు ఉండదు, బేరింగుల్లో నీళ్లు చేరితే తుప్పు పడతాయి. హెల్మెట్ అంటే ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్ తెచ్చేస్తున్నారు, అసలు లేకపోవడం కంటే నయమే, కానీ వాటిలో చాలావాటికి లోపలి ఫోమ్ ఒక్క పెద్ద దెబ్బకే నలిగిపోతుంది. ఏఎస్‌టీఎం ఎఫ్1492 అని లోపల స్టిక్కర్ ఉన్నది స్కేటింగ్ కోసం పరీక్షించింది, కొనేటప్పుడు అది చూడండి.

ఇంత రాసినవాళ్లు వంతు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఒకరు తమ లైన్, అంటే వరసగా చేసే ట్రిక్కుల చుట్టు, పూర్తిచేశాకే ఇంకొకరు దిగాలి, అంచు మీద ముందు నుంచి నిలబడినవాళ్లదే వంతు, బోర్డు కాళ్ల కింద నుంచి తప్పించుకుంటే "బోర్డ్!" అని గట్టిగా అరవాలి. మధ్యలో దూరితే దాన్ని స్నేకింగ్ అంటారు, రోజూ వచ్చేవాళ్లకి మండేది దానికే. స్కూటర్లు వేసుకొచ్చే పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు, పెద్దవాళ్లేమో ర్యాంపు కింద కూర్చుని వీడియో తీస్తుంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో 13 ఏళ్ల మోమిజి నిషియా స్కేట్‌బోర్డింగ్ స్ట్రీట్ విభాగంలో గోల్డ్ కొట్టింది, కాబట్టి చిన్నపిల్లల్ని తీసుకురావద్దని నేను అనను, తీసుకొచ్చేవాళ్లు మాత్రం కంచె బయట నిలబడి, దిగే ముందు రెండు వైపులా చూడమని పిల్లలకి నేర్పండి. పొద్దున్నే వస్తే గుంపు తక్కువ, నేర్చుకోవడానికి చోటు దొరుకుతుంది.

నీడ అసలు లేదు, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. సాయంత్రం లైట్లు వేస్తారు కానీ బౌల్ లోతు వైపు వెలుతురు చాలదు, ఆ టైమ్‌లో స్ట్రీట్ వైపే ఆడుకోండి.