‘ఫ్రీ’ క్యూఆర్ కోడ్‌ని ప్రెస్‌కు పంపేముందు ఆగండి: రెండు వారాల్లో చచ్చిపోయే కోడ్ కావచ్చు

సర్వేకో, అడ్మిషన్లకో, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికో గూగుల్ ఫారం చేసి, దాని క్యూఆర్ కోడ్‌ని కరపత్రం మీదో ఫ్లెక్సీ మీదో వేయించేవాళ్ల కోసం ఈ పోస్టు.

‘ఫ్రీ క్యూఆర్ కోడ్’ అని వెతికితే వచ్చే సైట్లలో చాలావాటిది ఒకటే తంతు. లింకు ఇస్తే నిమిషంలో కోడ్ చేతిలో పెడతాయి, పైసా అడగవు. వారం, రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈలోపు మీరు వెయ్యి కరపత్రాలు పంచేసి ఉంటారు. అప్పుడు ట్రయల్ ముగుస్తుంది. స్కాన్ చేసినవాళ్లకు ఫారం రాదు, ‘ఈ కోడ్ పనిచేయడం లేదు’ అనే పేజీ వస్తుంది. మళ్లీ తెరవాలంటే ప్లాన్ కొనాలి. నెల రేటు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఏడాది డబ్బు ఒకేసారి కోస్తామన్న మాట కింద చీమల బారులా ఉంటుంది.

అసలు క్యూఆర్ కోడ్‌కు గడువంటూ లేదు. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ (అందులోని ఆ విభాగమే నేటి డెన్సో వేవ్) దీన్ని తెచ్చింది, పేటెంట్ ఉన్నా డబ్బు అడగకుండా అందరినీ వాడుకోనిచ్చింది. ఆ నలుపు తెలుపు గళ్లలో ఉండేవి ఉత్త అక్షరాలే. వాటిలో మీ ఫారం లింకే ఉంటే అది స్టాటిక్ కోడ్, కాగితం ఉన్నన్నాళ్లూ పనిచేస్తుంది. మీ లింకుకు బదులు ఆ సైటువాళ్ల చిన్న లింకు ఉంటే అది డైనమిక్. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల సర్వర్‌కు వెళ్లి, అక్కడినుంచి మీ ఫారానికి వస్తారు. గేటు తాళం వాళ్ల దగ్గర ఉన్నట్టే.

పట్టుకోవడం తేలిక. కోడ్‌ను ఫోన్ కెమెరాతో చూడండి, వచ్చిన లింకును మాత్రం నొక్కకండి. కాపీ చేసి నోట్స్‌లో అతికించి చదవండి. డాక్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ అనో, ఫార్మ్స్ డాట్ జీఎల్ఈ అనో మొదలైతే సరే. ఊరూపేరూ తెలియని చిన్న అడ్రస్ కనిపిస్తే ఆ డిజైన్ ప్రెస్‌కు పంపొద్దు.

డైనమిక్ అమ్మేవాళ్లు చెప్పే గొప్ప లాభం ‘అచ్చయ్యాక కూడా మార్చుకోవచ్చు’ అని. ఫారం విషయంలో అది దాదాపు అక్కరలేని లాభం. గూగుల్ ఫారంలో ప్రశ్నలు ఎన్నిసార్లు మార్చినా లింకు మారదు. ఏ ఊరి పోస్టర్ నుంచి ఎందరు నింపారో తెలియాలన్నా డబ్బు కట్టనక్కర్లేదు. ఫారంలో ‘ఊరు’ అని ప్రశ్న పెట్టి, మెనూలోని ప్రీ-ఫిల్డ్ లింకుతో, ఊరి పేరు ముందే నింపి ఉండేలా ఊరికో లింకు తీసుకుంటే చాలు. మధ్యలో కంపెనీ ఉంటే మీవాళ్ల స్కాన్ల లెక్క కూడా దానికి చేరుతుంది, అది వేరే గొడవ.

మరి ఎలా చేయాలి? కంప్యూటర్ క్రోమ్‌లోనే క్రియేట్ క్యూఆర్ కోడ్ అనే సౌకర్యం ఉంది. అది స్టాటిక్ కోడే ఇస్తుంది, మధ్యలో డైనోసార్ బొమ్మ మాత్రం వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫార్మ్స్ అయితే కోడ్ తనే చేసి ఇస్తుంది. క్రోమ్ దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: అది తెరిచి ఉన్న పేజీకే కోడ్ చేస్తుంది. మీరు ప్రశ్నలు దిద్దుకునే పేజీలో ఉండి నొక్కితే, చివర ‘ఎడిట్’ అని ఉండే లింకు అచ్చవుతుంది, జనానికి ‘మీకు అనుమతి లేదు’ అని వస్తుంది. పంచాల్సిన లింకు చివర ‘వ్యూఫారం’ అని ఉండాలి.

ఆ పూర్తి లింకు సుమారు 99 అక్షరాలు. నష్టాన్ని 15 శాతం వరకు తట్టుకునే ఎం స్థాయిలో కోడ్ 41×41 గళ్లవుతుంది. గూగుల్ ఫారంలోనే ‘షార్టెన్’ పెట్టి తీసుకునే చిన్న లింకు (ఫార్మ్స్ డాట్ జీఎల్ఈ) 35 అక్షరాలు, 29×29 గళ్లు చాలు. రెండున్నర సెంటీమీటర్ల కోడ్‌లో మొదటిదాని గడి 0.6 మిల్లీమీటర్లు, రెండోదానిది 0.86. చౌక కాగితం మీద సిరా పాకినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఉండే బోర్డుకైతే మాత్రం పొడవు లింకే పెట్టి కోడ్ పెద్దది చేయించండి. లింకులు చిన్నవి చేసే గూగుల్ సొంత గూ డాట్ జీఎల్ సేవే 2019లో మూతపడింది, వాడకం లేని దాని పాత లింకులు 2025 ఆగస్టులో ఆగిపోయాయి.

కోడ్ చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు తెల్ల అంచు వదలమని డిజైనర్‌కు గట్టిగా చెప్పండి, రంగుల బ్యాక్‌గ్రౌండ్ మీద దాన్ని మింగేస్తుంటారు. మూడు మీటర్ల దూరం నుంచి స్కాన్ చేసే ఫ్లెక్సీకి కోడ్ 30 సెంటీమీటర్లు ఉండాలి, దూరంలో పదోవంతు లెక్కన. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే గళ్ల అంచులు చెదురుతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. చివరగా ప్రూఫ్ కాపీని మీది కాని ఫోన్‌తో, మీ ఖాతా లేని బ్రౌజర్‌లో తెరవండి. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా, ఒక్కరికి ఒక్క జవాబే అని పెట్టినా గూగుల్ లాగిన్ అడుగుతుంది, సగంమంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

ఇప్పటికే కార్డు ఇచ్చి ట్రయల్ తీసుకున్నారా? ఆటోపే మాండేట్‌ను, అంటే డబ్బు దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, బ్యాంకు యాప్‌లోనో యూపీఐ యాప్‌లోనో ఇవాళే రద్దు చేయండి. ఒకసారి ఒప్పుకున్నాక, 15,000 రూపాయల లోపు మామూలు చందాలు ప్రతిసారీ ఓటీపీ లేకుండానే కోతకు వెళతాయి. 24 గంటల ముందు వచ్చే మెసేజ్‌ను వదిలేయకండి. రద్దు దారి దాచిపెట్టి చందాలో ఇరికించడం 2023 డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే డిజైన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధం, స్క్రీన్‌షాట్లు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

కరపత్రాలు పంచేసి ఉంటే నెల ప్లాన్ కొన్నా నెలకే బతుకుతుంది. గోడల మీదివి, చేతిలో మిగిలినవి లెక్కేసుకుని, స్టాటిక్ కోడ్‌తో తెల్ల స్టిక్కర్లు కొట్టించి పాతదాని అంచులు కూడా కప్పేలా అంటించండి. అంచు తెలుపు మళ్లీ నాలుగు గళ్లు.