తుపాను హెచ్చరిక వస్తే షెల్టరుకా, ఇంట్లోనేనా?

"పోయినసారీ ఇలాగే చెప్పారు, ఏమీ కాలేదు" అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. 2013 నవంబరులో లెహర్ తుపాను అంత భయపెట్టి, మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండంగా నీరసించింది. మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ మాత్రం చెప్పినట్టే విశాఖను చీల్చి చెండాడింది.

ఖర్చు: వెళితే ఆ రోజు కూలి పోతుంది. ఉన్నా పోతుంది, ఆ గాలిలో వేటకెవరు వెళ్తారు?

శ్రమ: ఉంటే ఏమీ లేదు. వెళితే మాత్రం చాలా ఉంది. ముసలివాళ్లను నడిపించాలి, కాగితాలూ మందులూ ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు గేదె. దాన్ని గుంజకు కట్టేసి వెళ్లొద్దు, పలుపు విప్పి మెరక మీదికి తోలండి.

ప్రమాదం: 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగింది ఉప్పెన. నీళ్లొచ్చాక బయల్దేరదామంటే దారే ఉండదు.

అంచనా: తీరం దాటే చోటు ఒక రోజు ముందు కూడా పదుల కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చు. మన కోస్తాలో సాధారణంగా దాటిన చోటికి ఉత్తరాన ఉప్పెన ఎక్కువ. అందుకే పక్క ఊరు మునిగి మన ఊరు మిగిలినంత మాత్రాన హెచ్చరిక తప్పని నేను ఒప్పుకోను.

పూరిల్లు, రేకుల ఇల్లు, సముద్రం పక్కన పల్లం అయితే షెల్టరే, అదీ వెలుతురుండగానే. మెరక మీద గట్టి డాబా, ఉప్పెన హెచ్చరిక లేని ఊరైతే ఇల్లు చాలు. నెలలు నిండిన మనిషి ఇంట్లో ఉంటే ఈ రెండూ వద్దు, ముందురోజే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి.