ఆకు పసుపెక్కితే ముందు నీళ్ళు కొలవండి: పీహెచ్, టీడీఎస్ పెన్నుల జత, 5 నెలల వాడకం తర్వాత

ఆన్‌లైన్‌లో రెండు పెన్నులు కలిపి ఒకే డబ్బాలో అమ్ముతారు కదా, పసుపు రంగుది పీహెచ్‌కి (నీళ్ళు ఆమ్లమా క్షారమా అన్నది), ఇంకోటి టీడీఎస్‌కి (నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎంత అన్నది), నేను కొన్నది అదే. అచ్చం ఇలాంటి మీటరే పది పేర్లతో దొరుకుతోంది, అందుకే బ్రాండ్ పేరు రాయడం లేదు. మాది హైదరాబాద్‌లో ఫ్లాట్, ఎండ పడని గదిలో ఎల్‌ఈడీ లైట్ల కింద కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సంచుల్లో నాలుగు టమాటాలు, రెండు క్యాప్సికమ్‌లు, పక్కన ఒక టబ్బులో నీళ్ళ మీదే లెట్యూస్, పుదీనా పెంచుతున్నాను.

ఈ మీటర్లు కొనడానికి కారణం టమాటాలే. నారు నాటిన మూడో వారంలో కింది ఆకులు పసుపెక్కాయి, అదీ ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య భాగం మాత్రమే. నర్సరీలో ఫొటో చూపిస్తే ఐరన్ లోపం అని సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఇచ్చారు. రెండుసార్లు పిచికారీ చేశాను, పైగా ఎరువు సరిపోవడం లేదేమో అనుకుని డోసు కూడా పెంచాను. వారం తిరిగేసరికి ఆకుల కొసలు కాలినట్టు గోధుమరంగుకి వచ్చేశాయి. రోజూ పొద్దున లేవగానే వాటి దగ్గరికి వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

తర్వాత తెలిసింది, అసలు చూడాల్సింది రంగు ఒక్కటే కాదు, ఏ ఆకులో మొదలైందన్నది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని ముదురు ఆకుల నుంచి లాగి చిగుళ్ళకి పంపేస్తుంది, కాబట్టి కింది ఆకులే ముందు దెబ్బతింటాయి. ఐరన్, కాల్షియం అలా కదలవు, వాటి లోపం లేత ఆకుల్లో కనిపిస్తుంది. నా టమాటాలకి కింది ఆకులు పోయాయి, అంటే మెగ్నీషియం. సరే, ఎరువులో మెగ్నీషియం ఉంది కదా, మొక్కకి ఎందుకు అందలేదు? ఇక్కడే టీడీఎస్ పెన్ను పనికొచ్చింది.

సంచి కింద స్టీలు గిన్నె పెట్టి, మామూలుగా నీళ్ళు పోసి, అరగంట ఆగి మళ్ళీ ఒక గ్లాసు పోసి కిందకి కారిన నీళ్ళు పట్టాను. టీ డికాషన్ రంగులో ఉన్నాయి. నేను పోసింది 1000 పీపీఎం (లీటరుకి 1000 మిల్లీగ్రాముల లవణాలు), గిన్నెలో చూపించింది 2300. పెన్ను తప్పు చూపిస్తోందేమోనని కడిగి మూడుసార్లు పెట్టాను, అదే అంకె. కోకోపీట్ దిమ్మ మీద ‘కడిగినది, ఉప్పు తక్కువ’ అని అచ్చేసి ఉంది, అది నమ్మి నానబెట్టి నేరుగా సంచుల్లో నింపేశాను. కొబ్బరి తోటలు ఎక్కువగా సముద్రం దగ్గరే ఉంటాయి, డొక్కల్ని చాలాచోట్ల ఉప్పునీళ్ళలోనే నానబెడతారు, దాంతో పొట్టులో సోడియం పట్టేసి ఉంటుంది, పొటాషియం అందులో సహజంగానే ఉంటుంది. మనం పోసే కాల్షియం, మెగ్నీషియాన్ని పొట్టు తనలో పట్టుకుని వాటి బదులు ఈ రెండింటినీ నీళ్ళలోకి వదులుతుంది. పైనుంచి ఎంత పోసినా వేరుకి అందేది వేరే.

పలచని ఎరువు నీళ్ళు ధారాళంగా పోసి, కారే నీళ్ళు 1100కి దిగేదాకా కడిగాను, తర్వాత రెండు వారాలు లీటరుకి అర గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపాను. పాడైన ఆకులు బాగుపడలేదు, కొసలు మాడినవి ఎలాగూ బాగుపడవు, వాటిని చూస్తూ కూర్చోకండి, కొత్తగా వచ్చే ఆకులు చూడండి. పదో రోజుకి వచ్చినవి శుభ్రంగా ఉన్నాయి. మిగిలిన దిమ్మని కాల్షియం నైట్రేట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు రెండుసార్లు కడిగి వాడాను, దాంట్లో పెట్టిన క్యాప్సికమ్‌కి ఈ బాధే రాలేదు. ఎప్సమ్‌నీ కాల్షియం నైట్రేట్‌నీ మాత్రం చిక్కగా ఒకే డబ్బాలో కలపకండి, తెల్లగా విరిగి అడుగుకి దిగిపోతుంది. ద్రవ ఎరువుని ఏ, బీ అని రెండు సీసాలుగా అమ్మేది అందుకే.

లెట్యూస్ కథ దీనికి పూర్తిగా తిరగబడింది. అక్కడ చిగురాకులు పాలిపోయి దాదాపు నిమ్మపండు రంగుకి వచ్చాయి, ముదురు ఆకులు పచ్చగానే ఉన్నాయి. టీడీఎస్ 800, చూడ్డానికి బాగానే ఉంది. కానీ మా బోరు నీళ్ళే 640! అంటే ఎరువు ఉన్నది 160 మాత్రమే, మిగతాదంతా బోరులోంచి వచ్చిన లవణాలు. పెన్ను ఎంత ఉందో చెబుతుంది గానీ ఏముందో చెప్పదు, ఇది ముందు తెలిస్తే నాకు ఒక పంట మిగిలేది. అప్పుడు పీహెచ్ పెట్టి చూస్తే 7.4. రెండు రోజుల క్రితమే 6కి దించాను, బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ కాబట్టి మళ్ళీ ఎక్కేసింది. మామూలుగా ఎరువుల్లో వచ్చే ఈడీటీఏ ఐరన్ (ఐరన్ నీళ్ళలో కరిగే ఉండేలా పట్టి ఉంచే రసాయనంతో కలిపినది) పీహెచ్ 6.5 దాటితే నిలవదు. సగం ఆర్వో నీళ్ళు, సగం బోరు కలిపి, ఎరువు సరిగ్గా వేసి, పీహెచ్ 5.8 దగ్గర ఉంచాక ఐదు రోజుల్లో చిగుళ్ళు పచ్చబడ్డాయి. మొత్తం ఆర్వో వాడితే కాల్షియం, మెగ్నీషియం విడిగా ఇవ్వాలి, లేకపోతే లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు నల్లబడతాయి.

ఇక మీటర్ల సంగతి. టీడీఎస్ పెన్నుకి 5కి 5 ఇస్తాను, ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఒక్క మాట, పెన్ను నిజానికి కొలిచేది ఈసీ, అంటే నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నది; 1 ఈసీని కొన్ని పెన్నులు 500 పీపీఎం అని, కొన్ని 700 అని చూపిస్తాయి, నాది 500ది. ఎవరైనా పీపీఎం చెబితే ఏ లెక్కో అడగండి, ఈసీలో మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

పీహెచ్ పెన్నుకి 3 మించి ఇవ్వలేను. డబ్బాలో వచ్చిన పొడి ప్యాకెట్లు నీళ్ళలో కలిపితే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు వస్తాయి, వాటితో సరిచేసుకుంటే మొదట బాగుంది, మూడు వారాలకే పీహెచ్ 6.86 ఉండాల్సిన ద్రావణంలో 7.2 చూపించింది. అంత తేడాతో ఆసిడ్ పోస్తే మొక్క ఏమైపోవాలి! ఇప్పుడు ప్రతి రెండు వారాలకీ సరిచేస్తున్నాను. కొసన ఉన్న గాజు బల్బు ఎండితే పనైపోయినట్టే, మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు ఎప్పుడూ ఉండాలి, ఆర్వో నీళ్ళలో మాత్రం నానబెట్టొద్దు. ఆ ద్రావణం డబ్బాలో ఇవ్వరు, విడిగా కొనాలి, ఇవ్వకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

మీటర్‌కి అందని జబ్బులు కూడా ఉన్నాయి. గత నెల క్యాప్సికమ్ ఆకుల మీద సూదితో పొడిచినట్టు లేత పసుపు చుక్కలు వచ్చాయి, రెండు పెన్నులూ అంతా సరిగ్గా ఉందనే చూపించాయి. ఆకు తిప్పి ఫోన్ కెమెరాతో దగ్గరగా చూస్తే సాలెగూడు లాంటి సన్నటి దారాలు, వాటిలో కదులుతున్న ఎర్రనల్లి. టబ్బులో నీళ్ళు వేడెక్కి మొక్క వాడిపోతుంటే కూడా అంకెలు చూడకుండా వేరు బయటికి తీసి చూడండి, గోధుమరంగులో జిగురుగా ఉండి వాసన వస్తే అది వేరుకుళ్ళు.

కొనేటప్పుడు డబ్బాలో 4, 6.86 ప్యాకెట్లు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. డబ్బు తక్కువుంటే ముందు టీడీఎస్ పెన్ను ఒక్కటే తీసుకోండి, పీహెచ్‌కి నీళ్ళలో వేస్తే రంగు మారే చుక్కల సీసా సరిపోతుంది, నేను ఇప్పటికీ పెన్ను మీద అనుమానం వచ్చినప్పుడల్లా దానితోనే సరిచూసుకుంటున్నాను.