యాప్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ వాషింగ్ మెషిన్: ఐదుకి రెండు స్టార్లే ఇస్తున్నాను

యాప్ పేరు రాయట్లేదు. వాడిన సామాన్లు ఎవరికి వాళ్లు అమ్ముకునే యాప్. అందులో చూసి కూకట్‌పల్లిలో ఒకాయన దగ్గర ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ 9,500కి తీసుకున్నాను. వాడటం తేలికే, మన ఏరియా వరకే వెతుక్కోవచ్చు, ఫోన్ నంబర్ ఇవ్వకుండానే చాట్ చేయొచ్చు. ఆ రెండు స్టార్లు వాటికే.

ఇంటికి వెళ్లి చూసే కొన్నాను. ట్రాన్స్‌ఫర్ అయింది, సామాను తగ్గించుకుంటున్నాం అన్నారు. ఖాళీ డ్రమ్‌తో పది నిమిషాలు తిప్పి చూపించారు, చప్పుడేమీ లేదు. "ఎప్పుడైనా రిపేరుకొచ్చిందా అంకుల్?" అంటే "ఒక్కసారి కూడా విప్పలేదమ్మా" అన్నారు. తెచ్చిన మర్నాడు రెండు దుప్పట్లు వేశాను. స్పిన్‌కి వచ్చేసరికి ఎంత మోతంటే, కింది ఫ్లాట్ ఆవిడ పైకొచ్చి ఏమైందని అడిగింది. మెకానిక్ వెనక రేకు తీసి, చక్రం కింద నుంచి కారి ఎండిపోయిన తుప్పు చార చూపించాడు. సీల్ పోయి నీళ్లు బేరింగ్‌లోకి దిగాయట. "స్క్రూల తలలు చూడండి మేడం, గీతలు పడ్డాయి, ఇదివరకే ఎవరో విప్పారు" అన్నాడు. 3,800 అయింది.

అమ్మినాయన మెసేజ్‌లు చూసి కూడా జవాబివ్వలేదు. యాప్ వాళ్లేమో మేము ఇద్దర్నీ కలుపుతామంతే అన్నారు. కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేద్దామని మా బావకి ఫోన్ చేశాను, ఆయన లాయర్. ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మింది వ్యాపారస్తుడా, మామూలు మనిషా?"

అంతా అక్కడే తేలిపోతుందట. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే రాసి ఉంది, వ్యాపారంగా కాకుండా సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి అవి వర్తించవని. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కూడా, వస్తువు నాణ్యంగా ఉండి తీరాలన్న షరతు ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్ల మీదే పెట్టింది. మరి మనకి దారే లేదా అంటే, ఉంది. తెలిసి అబద్ధం చెప్పి అమ్మితే 1872 కాంట్రాక్ట్ చట్టం కింద ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కానీ లోపం గురించి ఊరికే నోరు మెదపకపోతే మామూలుగా మోసం అనిపించుకోదు, అంటే అడగాల్సింది మనమే. నేను అడిగాను, కాకపోతే నోటితో అడిగాను! అదే ప్రశ్న చాట్‌లో వేసి, ఆయన "విప్పలేదు" అని టైప్ చేసి ఉంటే నా చేతిలో ఆధారం ఉండేది. 3,800 కోసం సివిల్ కోర్టుకి వెళ్తావా అని బావ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు, కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

యాప్ మీద నా అసలు కంప్లైంట్ ఇది. ఇల్లు మారుతూ మెషిన్ అమ్ముకునే మనిషి, రోజూ మెషిన్లు అమ్మే షాపతను, ఇద్దరూ అందులో ఒకేలా కనిపిస్తారు. 'ఓనర్' అని పెట్టుకున్న ఒకతని ప్రొఫైల్ తెరిస్తే ఏడు వాషింగ్ మెషిన్లున్నాయి, అన్నిటి వెనకా అదే నీలం గోడ. ఎవరింట్లో ఏడుంటాయి? అతను వ్యాపారే, అతని దగ్గర కొంటే జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల టైముంటుంది, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. కానీ బిల్లు లేక, అడ్రస్ తెలియక ఎవరి మీద వేస్తాం? అమ్మేవాళ్లు వ్యాపారులైతే ఆ పేరు, అడ్రస్ చూపించాలని అవే రూల్స్ చెప్తున్నాయి. ప్రొఫైల్ పక్కన 'షాపు' అని ఒక్క ముక్క పెట్టడానికి యాప్‌కి ఏం కష్టం?

పోయిన వారం ఫ్రిజ్ కావాల్సొచ్చింది. సెకండ్ హ్యాండ్ షాపుకే వెళ్లాను. యాప్‌లో రేటు కంటే 2,000 ఎక్కువ చెప్పాడు. బిల్లు మీద మోడల్ నంబర్, ఆరు నెలల వారంటీ రాసి, స్టాంపు వేసి ఇస్తేనే డబ్బులిస్తానన్నాను. రాసిచ్చాడు, తీసుకున్నాను.