సప్పోరోలో పౌరులు చెక్కిన మంచు బొమ్మలు

జపాన్ ఉత్తరాన ఉన్న సప్పోరోలో ఏటా ఫిబ్రవరి మొదట్లో మంచు ఉత్సవం జరుగుతుంది. ప్రారంభ దినానికి రెండు రోజుల ముందే చేరేలా మేము టికెట్లు తీసుకున్నది కేవలం విమాన ఛార్జీ తక్కువని. తీరా చూస్తే యాత్ర మొత్తంలో మాకు బాగా కలిసివచ్చింది ఆ రెండు రోజులే. సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున్న ఓదొరి పార్కులో, పౌరులకు కేటాయించిన మంచు దిమ్మెల చుట్టూ ఇరుగుపొరుగువారు, స్నేహితులు జట్లుగా చేరి పని చేస్తున్నారు. ఒక పిల్లి బొమ్మ చెవి విరిగిపోగా, ఒక పెద్దావిడ బకెట్‌లో మంచును నీళ్లతో ముద్దగా కలిపి, విరిగిన ముక్కకు పూసి, అది గడ్డకట్టేవరకు రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. అక్కడి పొడి మంచు దానంతటది అతుక్కోదట. ఆ ముద్దే వారికి జిగురు.

1950లో స్థానిక విద్యార్థులు ఇదే పార్కులో చేసిన ఆరు బొమ్మలతో ఈ ఉత్సవం మొదలైంది. 1955 నుంచి జపాన్ సైన్యమైన ఆత్మరక్షణ దళాల వారు చేయి వేయడంతో భారీ శిల్పాలు వచ్చాయి. రాత్రి దీపాల వెలుగులో అవి కళ్లు చెదిరేలా ఉన్న మాట నిజమే గాని, జనం మధ్య మెల్లగా జరుగుతూ చూడవలసి రావడంతో నాకు త్వరగానే విసుగు వచ్చింది. పౌరుల బొమ్మల దగ్గర మాత్రం ఎంతసేపైనా నిలబడవచ్చు. ఉత్సవం జరిగే మరో చోటు, నగరంలోని సుసుకినో ప్రాంతంలో ఉన్న మంచుగడ్డ శిల్పాలకు ఒక గంట చాలు.

బస కోసం ఓదొరి పక్కనే హోటల్ తీసుకోవడం అనవసరపు ఖర్చని ఇప్పుడు అనిపిస్తోంది. మూడు సబ్‌వే మార్గాలూ ఓదొరిలోనే కలుస్తాయి కనుక, నాలుగైదు స్టేషన్ల దూరంలో ఉన్నా ఇబ్బంది ఉండదు. పైగా మా హోటల్ గదిలో హీటర్‌ను తగ్గించే వీలు లేక, బయట గడ్డకట్టే చలిలో తిరిగి వచ్చి లోపల చెమటలు కక్కాము. సప్పోరో స్టేషన్ నుంచి సుసుకినో వరకు భూగర్భ మార్గంలోనే నడిచి వెళ్లవచ్చు. ఆ సంగతి తెలియక మొదటి రోజు కాలిబాట మీద రెండుసార్లు జారిపడ్డాను. బూట్లకు తగిలించుకునే ముళ్ల పట్టీలు దిగగానే కొనుక్కోవడం మంచిది.

అదే రోజుల్లో దగ్గరలోని ఒతారు అనే రేవు పట్టణంలో దీపాల ఉత్సవం ఉంటుంది. రైలులో ముప్పావు గంటలోపే చేరతాము. కాలువలో తేలే గాజు బుడగల్లోనూ, ఒడ్డున స్వచ్ఛంద సేవకులు మంచుతో మలిచిన గూళ్లలోనూ కొవ్వొత్తులు వెలుగుతాయి. గాలికి ఆరిన ప్రతి దీపాన్నీ ఒక కుర్రవాడు మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ వెలిగిస్తూ వెళ్లాడు. తిరుగు రైలు కిక్కిరిసి ఉండటంతో చివరిదాకా నిలబడే వచ్చాము. సప్పోరో బసలో ఒక రాత్రి తగ్గించుకుని ఒతారులోనే ఉండిపోవలసింది.