నోకియా 1100, 1280, 105: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలబడింది

బటన్ ఫోను కొనేటప్పుడు చాలామంది టార్చి ఉందా, రేడియో ఉందా అని అడుగుతారు. ఇన్నేళ్లుగా ఈ మూడు సెట్లూ వాడాక నేను ముందు చూసేవి వేరే: మంచి బ్యాటరీ దొరుకుతుందా, ఇన్‌బాక్సులో ఎన్ని మెసేజీలు పడతాయి, మన దగ్గరున్న సిమ్ముకు అందులో సిగ్నల్ వస్తుందా. తిరుపతిలో, చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ ఇవే జేబులో పెట్టుకునేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు 1100. 2003లో వచ్చింది, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. బరువు 86 గ్రాములు, పక్కల చేతిలో జారని గరుకు పట్టు, ముందువైపు దుమ్ము దూరకుండా కీలన్నీ కలిపి ఒకే రబ్బరు ముక్క. ‘సి’ బటన్ నొక్కిపడితే టార్చి వెలుగుతుంది. రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు ఇచ్చినప్పుడు కయ్య కాడికి పోయి మోటారు వేసే రైతుకు ఈ ఒక్క బటన్ చాలు, మెనూలో వెతకాల్సిన పనిలేదు. నలుపు తెలుపు తెర కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలోనూ నంబరు కనబడుతుంది. మొబైల్ స్టార్టర్ బిగించుకున్నవాళ్లకైతే ఇంటి నుంచే ఫోన్ కొట్టి మోటారు ఆన్ చెయ్యడానికి ఏ బటన్ ఫోనైనా సరిపోతుంది.

ఇంత మంచి సెట్టుకు ఈ రోజుల్లో పెద్ద చిక్కు మెసేజీల దగ్గర వస్తుంది. ఫోన్ మెమరీ చిన్నది. బ్యాంకు ప్రకటనలు, రీచార్జి గుర్తుచేసే మెసేజీలు రోజూ వచ్చిపడి అది నిండిపోతుంది. తెర మీద కవరు బొమ్మ మిణుకుమంటోందంటే మెమరీ నిండిందని అర్థం, ఇక ఓటీపీ లోపలికి రాదు. చాలామంది సిగ్నల్ లేదనుకుని సిమ్ము తీసి తుడుస్తుంటారు. పాత మెసేజీలు నాలుగైదు తీసేస్తే ఆగిపోయినవి వాటంతట అవే వచ్చేస్తాయి. తెలుగు మెసేజీ అయితే ఇంకా త్వరగా నిండుతుంది. ఇంగ్లీషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి: ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఆరు స్థానాలు తింటుంది. 70 దాటితే మెసేజీ ముక్కలవుతుంది, ప్రతి ముక్కా మెమరీలో వేరే చోటు ఆక్రమిస్తుంది.

1280 సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. 2010 నాటిది. 1100 లాగే ఎండలో కనబడే నలుపు తెలుపు తెర, దానికి తోడు ఎఫ్‌ఎం రేడియో. ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది కాబట్టి అది గుచ్చకపోతే ఆకాశవాణి తిరుపతి కూడా పలకదు.

105 దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు, ఎందుకంటే ఆ పేరుతో చాలా సెట్లు వచ్చాయి. 2013లో వచ్చిన మొదటిది 70 గ్రాములు, 1.45 అంగుళాల రంగుల తెర, 800 ఎంఏహెచ్ బ్యాటరీ, సన్నపిన్ను చార్జర్. 2017 నాటిదానికి తెర 1.8 అంగుళాలు, చార్జింగు మైక్రో యూఎస్‌బీ. ఇంట్లో అందరికీ ఒకటే చార్జర్ కావాలంటే రెండోది తీసుకోండి. నా ఓటు మాత్రం మొదటిదానికే. రోజుకు పది పదిహేను కాల్స్ మాట్లాడినా వారం దాకా చార్జర్ జోలికి పోనక్కర్లేదు. కాంటాక్టులు 500 పడతాయి. 1100లో ఫోన్ మెమరీకి 50 మాత్రమే, మిగతావి సిమ్ములో పెట్టుకోవాలి. 105కు ఉన్న లోటు ఒకటే, ఎండలో రంగుల తెర వెలిసిపోయినట్టుంటుంది. పాల కేంద్రానికి తెల్లవారుజామున పోయేవాళ్లకు ఇంకో సుగుణం: ఫోన్ ఆపేసి పడుకున్నా పెట్టిన టైముకు అలారం మోగుతుంది.

బ్యాటరీ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 1100కు బీఎల్-5సి, 1280కి, 105కు బీఎల్-5సిబి. బీఎల్-5సి ఇప్పటికీ ప్రతి షాపులో దొరకడానికి కారణం చిన్న ఎఫ్‌ఎం రేడియోలు, స్పీకర్లు కూడా దానితోనే నడవడం. అసలు బీఎల్-5సి సామర్థ్యం కాలాన్నిబట్టి 850 నుంచి 1020 ఎంఏహెచ్ వరకు ఉండేది. అదే సైజులో 1500 అని అచ్చేసి అమ్మేది డూప్లికేటే. ఒరిజినల్‌కూ మచ్చ లేకపోలేదు. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సి బ్యాటరీలు చార్జింగులో వేడెక్కుతాయని 2007 ఆగస్టులో నోకియానే హెచ్చరించి, మార్చి ఇస్తానంది. పాత సెట్టుతో పాటు వచ్చిన బ్యాటరీ ఆ కాలానిదైతే వాడకండి.

బ్యాటరీ ఉబ్బిందో లేదో తెలుసుకోవడం తేలిక. తీసి గచ్చు మీద పడుకోబెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే, వెంటనే పక్కన పెట్టెయ్యాలి. మన మే నెల ఎండల్లో ఆటో ముందు అద్దం కింద పెట్టిన ఫోన్లకే ఈ జబ్బు ఎక్కువ. కొన్నాళ్లు వాడకుండా దాచేటప్పుడు సగం చార్జింగుతో ఉంచి, బ్యాటరీ విడిగా తీసిపెట్టండి. పూర్తిగా ఖాళీ అయిపోయినదాన్ని చార్జింగుకు పెడితే కాసేపు తెర మీద ఏమీ రాదు, ఓ అరగంట చూడకుండా చెడిపోయిందని తేల్చెయ్యొద్దు.

తర్వాత చెడేది కీప్యాడ్. ఒక బటన్ గట్టిగా నొక్కితేగాని పనిచెయ్యకపోతే లోపల చెమట, దుమ్ము చేరినట్టు. నక్షత్రం ఆకారపు ముక్కున్న టీ6 స్క్రూడ్రైవరుతో విప్పి, రబ్బరును సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. థిన్నర్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. అప్పటికీ బటన్ టిక్కుమనకపోతే దాని కింది రేకు అణిగిపోయిందన్నమాట, ఆ షీటు మార్చాల్సిందే.

సిమ్ము విషయం. ఇవన్నీ పెద్ద సిమ్ము సెట్లు, ఇప్పుడిచ్చేది నానో. దాన్ని పెద్ద సిమ్ము సైజులో ఉండే ప్లాస్టిక్ చట్రంలో, అంటే అడాప్టరులో పెట్టి దూర్చాలి. ఖాళీ అడాప్టరును మాత్రం ఎప్పుడూ లోపలికి తొయ్యొద్దు. బయటికి లాగేటప్పుడు దాని అంచు రీడరు పిన్నులకు తగులుకుని వాటిని వంచేస్తుంది, ఆపైన ఏ సిమ్ము పెట్టినా ‘సిమ్ పెట్టండి’ అనే చూపిస్తుంది. ఈ మూడు సెట్లూ 2జీవే. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ము వీటిలో ఎన్నటికీ పనిచెయ్యదు. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్, వీఐ సిమ్ములు పనిచేస్తాయి. జియోనే కావాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే కాల్స్ మాట్లాడే సౌకర్యం ఉన్న బటన్ ఫోను చూసుకోవాలి. 2021లో వచ్చిన నోకియా 110 4జీ అలాంటిదే. అందులో 1020 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నా 105 అన్ని రోజులు రాదు.

శ్రీపెరంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది. ఇప్పుడు ‘కొత్త 1100’ అని చూపించేది పాత బోర్డుకు కొత్త బాడీ వేసినదే. అది తప్పేమీ కాదు, ధర మాత్రం పాత సెట్టు ధరే ఇవ్వాలి. డబ్బులిచ్చే ముందు *#06# కొట్టి తెర మీద వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని (ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) బ్యాటరీ కింది స్టిక్కరుతో సరిచూడండి. రెండూ కలవకపోతే బోర్డు వేరే సెట్టుదన్నమాట. ఆ నంబరు ముందు ఇంగ్లీషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, 14422కు మెసేజీ చేస్తే ఆ ఫోను బ్లాక్ అయిందో లేదో జవాబు వస్తుంది. అది వచ్చాకే డబ్బులివ్వండి.